తిరగరాతకి సరుకు ఎక్కడ దొరికింది - నా అనుభవం

నవల ఫస్ట్ డ్రాఫ్ట్ అయిపోయాక ఒక దశ వస్తుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కథ మొత్తం కాగితం మీదుంటుంది, మొదలుంది, చివరుంది, మనుషులున్నారు, ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో అంతా ఉంది, కానీ మళ్ళీ చదువుతుంటే ఏదో లేదని తెలిసిపోతుంటుంది, ఆ లేనిదేంటో మాత్రం పట్టుబడదు. నేను ఆ దశలో చాలాకాలం ఉన్నాను. అందులోంచి నన్ను బయటకి తెచ్చినవేంటో రాస్తే, ఇప్పుడు డ్రాఫ్ట్ ముందేసుకుని కూర్చున్న ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

నా నవల చీరాలకీ వేటపాలేనికీ మధ్య ఒక కల్పిత ఊళ్ళో జరుగుతుంది. ఒక చేనేత కుటుంబం, 1976 నుంచి 1991 దాకా. మధ్యలో 1977 నవంబర్ 19 తుఫాను. మా అమ్మమ్మ వైపు వాళ్ళు నేతపనివాళ్ళే, నేను పెరిగింది హైదరాబాద్‌లో, సెలవులకి వెళ్ళినప్పుడు మగ్గాల చప్పుడు విన్నదే తప్ప మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసింది లేదు.

డ్రాఫ్ట్ అవ్వగానే అందరూ చూసేవే నేనూ చూశాను, కథా నిర్మాణం మీద వీడియోలు, మూడు అంకాలు, పాత్ర ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాలి, ఉత్కంఠ ఎక్కడ పెంచాలి లాంటివి. అవి పనికిరావని అనను. ఒక పద్ధతి బాగా పనికొచ్చింది, ప్రతి అధ్యాయానికీ ఒక చిన్న అట్టముక్క తీసుకుని దాని మీద ఈ అధ్యాయంలో ఎవరికి ఏం కావాలి, అధ్యాయం అయ్యేసరికి ఏం మారింది అని రెండే లైన్లు రాసి హాల్లో నేల మీద వరసగా పరవడం. అలా పరిచి చూస్తే మధ్య అధ్యాయాల్లో చాలావాటికి రెండో లైన్ రాయడానికి ఏమీ దొరకలేదు. అందరూ కూర్చుని మాట్లాడుకుంటున్నారు, బాధపడుతున్నారు, గుర్తు చేసుకుంటున్నారు. నేతవాళ్ళ ఇల్లు, తెల్లారుజాము నుంచి రాత్రి దీపం ఆర్పేదాకా ఎవరో ఒకరి చెయ్యి ఆడుతూనే ఉండే ఇల్లు, నా పేజీల్లో మాత్రం ఒక్కళ్ళ చేతిలోనూ పని లేదు.

జబ్బేంటో వీడియోలు చెప్పాయి, మందు వాటిలో లేదు. ఆ ఇంట్లో పొద్దున లేస్తే ఎవరు ఏం చేస్తారు, ఏది ముందు, ఏది వెనక, ఏది ఆగితే ఏది ఆగిపోతుంది, ఇవి తెలియకుండా నేను ఎన్నిసార్లు వాక్యాలు చెక్కినా ఆ అధ్యాయాలు కదలవని అర్థమైంది. అంటే నాకు కావలసింది సలహా కాదు, సరుకు.

మొదట దొరికింది మాండలిక వృత్తి పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మొదలుపెట్టిన పని, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది, మొదటి సంపుటం వ్యవసాయ పదాలు 1962లో, రెండోది చేనేత పదాలు 1971లో వచ్చాయి. ఊరూరా ఆ పని చేసేవాళ్ళనే అడిగి, ఏ ప్రాంతంలో దేన్ని ఏమంటారో పోగుచేసిన పుస్తకాలవి. పల్లెల మీద, చేతిపనుల మీద నవల రాసే ప్రతివాళ్ళూ ఒక్కసారైనా వాటిని తిరగేయాలని నా గట్టి నమ్మకం. నిఘంటువంటే అకారాది క్రమంలో చూసి పక్కన పెట్టేస్తాం కదా, నేను అలా చెయ్యలేదు, పదాలన్నీ ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుని పని జరిగే వరసలో పేర్చాను. చిలపల నూలు, అంటే చుట్టలుగా వచ్చే నూలు, ఇంటికి రావడం దగ్గర మొదలుపెట్టి రాట్నం, కండెలు చుట్టడం, అంటే చిన్న గొట్టాలకి నూలు ఎక్కించడం, ఆసు పోయడం, అంటే పడుగు పోగుల్ని కావలసిన పొడవుకి పేర్చడం, ఆ పడుగుని, అంటే గుడ్డకి నిలువు పోగుల్ని, వీధిలో బారుగా చాపి గంజి పెట్టి కుంచెతో దువ్వి ఆరబెట్టడం, దువ్వెన లాంటి అచ్చులోకి ఎక్కించడం, అప్పుడు కదా మగ్గం, అప్పుడు కదా అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తడం.

అలా పేర్చుకున్నాక కళ్ళకి కట్టినట్టు కనిపించింది ఏంటంటే, మనం నేత అని ఫోటోల్లో చూసేది ఆ వరసలో చివరాఖరి పని. దానికి ముందు జరిగేదాంట్లో ఎక్కువ భాగం ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ చేసేదే. మగ్గం మీద కూర్చునే మనిషికి మజూరీ లెక్క ఉంది, కండెలు చుట్టే మనిషికి విడిగా లెక్కే లేదు. నా నవల్లో నాగరత్నం అని ఒకావిడ ఉంది, డ్రాఫ్టులో ఆవిడ వంట చేస్తుంది, భర్త షావుకారు దగ్గర అప్పు చేస్తే ఏడుస్తుంది, అంతే. ఇప్పుడు ఆవిడ చేతికి రాట్నం వచ్చింది. రాట్నం వచ్చాక ఆవిడకి బలం వచ్చింది, ఎందుకంటే ఆవిడ కండెలు చుట్టకపోతే మధ్యాహ్నానికి మగ్గం ఆగిపోతుంది. ఆరో అధ్యాయంలో పేజీలకి పేజీలు సాగిన మొగుడూపెళ్ళాల గొడవ మొత్తం తీసేశాను, దాని స్థానంలో ఆవిడ ఒక పొద్దున రాట్నం గోడకి జరిపేసి మంచం మీద పడుకుంటుంది, ఒక్క మాట అనదు, భర్త చేతిలో కండె అయిపోతుంది, ఇంకోటి కోసం వెనక్కి చెయ్యి చాపుతాడు, అక్కడేమీ ఉండదు. ఈ సీన్ నేను ఊహించింది కాదు, పనుల వరస చూస్తుంటే అదే వచ్చి కూర్చుంది.

రెండోది మా చిన్నమ్మమ్మ. అమ్మమ్మకి స్వయానా చెల్లెలు, ఇప్పటికీ ఆ వైపే ఉంటుంది. ఆవిడ దగ్గర కూర్చోవడానికి వెళ్ళేటప్పుడు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పెట్టుకునేవాణ్ణి, ఆవిడ ఒప్పుకున్నాకే. మొదట్లో నా ప్రశ్నలు ఎలా ఉండేవంటే, తుఫాను వచ్చినప్పుడు నీకేమనిపించింది చిన్నమ్మమ్మా అని. ఆవిడ కాసేపు చూసి, "ఏమనిపించుద్ది నాయనా, భయమేసింది" అనేది. అంతటితో అయిపోయేది. తర్వాత నేను అడగడం మార్చాను. గాలి మొదలయ్యేసరికి ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, మొట్టమొదట ఏం తీశారు, దాన్ని ఎక్కడ పెట్టారు, ఆ తర్వాత ఏం చేశారు. అప్పుడు మాట ఆగకుండా వచ్చేది.

"ముందు పడుగు కోశాడు మీ తాతయ్య. మగ్గం మీద సగం నేసిందుంటే కోసి చుట్టి దూలానికి కట్టాం. నూలు మూట అటక మీదకి ఎక్కించాం. బియ్యం కుండ ఆ తర్వాత గుర్తొచ్చింది."

బియ్యం కన్నా ముందు నూలా అని అడిగా.

"నూలు షావుకారుది గదా. తడిస్తే మజూరీలో పట్టుకుంటాడు. బియ్యం మనయ్యే."

ఆ రెండు ముక్కలూ నేను అలాగే నవల్లోకి తెచ్చుకున్నాను, ఆవిడనడిగి. ఆ ఇంటి అప్పు గురించి నేను రెండు అధ్యాయాల్లో వివరించి వివరించి రాసిందంతా ఆ మాటలొచ్చాక అనవసరమైపోయింది, తీసేశా. పెద్దవాళ్ళతో మాట్లాడి రాసుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే, మనసులో ఏమున్నదీ అడగకండి, చేతులు ఏం చేశాయో అడగండి, మనసు దాని వెనకే వస్తుంది. ఇంకోటి, విన్న రోజే కూర్చుని ఉన్నదున్నట్టు టైప్ చేసుకోండి, ఊరుద్ది, జారుద్ది, అట్టా, ఇట్టా అన్నీ అలాగే, ఎందుకంటే రెండు రోజులాగితే మన వేళ్ళు వాటిని తెలీకుండానే పుస్తకాల భాషలోకి దిద్దేస్తాయి.

మగ్గం గుంట సంగతి కూడా ఆవిడ దగ్గర తెలిసిందే. గుంట మగ్గం నేలలోకి ఉంటుంది కాబట్టి ముసురు పట్టిందంటే నేలలోంచి ఊట వచ్చేస్తుంది, పైనుంచి వాన పడక్కర్లేదు. గాల్లో తేమకి పడుగు సడలిపోతుంది, వీధిలో గంజి పెట్టే పని సాగదు. అంటే వానాకాలం అంతా పని అంతంతమాత్రమే, అప్పులు తీర్చుకునే రోజులు దీపావళి తర్వాత మొదలవుతాయనుకుంటే సరిగ్గా అప్పుడే తుఫాను వచ్చింది. పాత పంచాంగం తిరగేస్తే ఈ సంగతి ఇంకా గట్టిగా తెలిసింది. 1977, పింగళ నామ సంవత్సరం. ఆ ఏడు దీపావళి నవంబర్ రెండో వారంలో, తుఫాను 19వ తారీఖు శనివారం, అంటే వారం పైచిలుకే తేడా. కార్తీకం, శుక్లపక్షం. నాకు అంతకుముందు తారీఖు మాత్రమే తెలుసు, ఇప్పుడు నెలంతా తెలిసింది, తెల్లవారుజామున తలస్నానాలు, తులసికోట దగ్గర దీపాలు, సోమవారం ఉపవాసాలు, పండక్కి పుట్టింటికి వచ్చి ఇంకా వెళ్ళని కూతుళ్ళు. ఆ చివరిదే నాకు కొత్త పాత్రని ఇచ్చింది. పండక్కి వచ్చిన ఆడపడుచు తుఫానుకి అక్కడే చిక్కుకుపోతుంది, అత్తగారిల్లు దివిసీమ వైపు. పాత పంచాంగాలు ఇళ్ళల్లో ఉంటే పారేయకండి, నవల రాసేవాడికి అవి బంగారం.

దివిసీమ దగ్గరికి వచ్చేసరికి నేను బాగా ఆగిపోయాను. డ్రాఫ్టులో ఉప్పెన నా ఊరి మీదకే వస్తుంది, చూసినవాళ్ళంతా అదే బాగుందన్నారు కూడా. కానీ తుఫాను ఎలా కదులుతుందో చదువుకున్నాక నాకు అది కుదరదనిపించింది. వాతావరణ శాఖవాళ్ళు బంగాళాఖాతం తుఫాన్ల దారులన్నీ గీసి పెట్టిన అట్లాసు ఉంది, అందులో ఆ దారి చూడొచ్చు. అది నిజాంపట్నం దగ్గర తీరం దాటింది. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుదిక్కుగా తిరుగుతుంది కాబట్టి, అది కదిలే దారికి కుడివైపు గాలి సముద్రాన్ని ఎత్తి భూమి మీదకి తోస్తుంది, దివిసీమ ఆ కుడివైపు పడింది. పది వేలమంది దాకా పోయింది అక్కడే ఎక్కువ. నా నవల్లో ఊరు ఎడమవైపు. ఇక్కడ గాలీ వానే చంపాయి, ఉప్పెన కబురుగా వచ్చింది. చిన్నమ్మమ్మ కూడా ఇదే చెప్పింది వేరే మాటల్లో, గాలి ముందు ఒక దిక్కు నుంచి కొట్టి కొట్టి తర్వాత దిక్కు మార్చిందని, మొదటి దిక్కుకి నిలబడ్డ గోడ రెండోదానికి పడిపోయిందని. నేను ఉప్పెన అధ్యాయం తీసేశాను, రాసినదాంట్లో నాకు చాలా ఇష్టమైన పేజీలు అవి. దానికి బదులు ఆ ఆడపడుచు కబురు కోసం ఎదురుచూడటం ఒక అధ్యాయమంతా పెట్టాను. ఎవరింట్లో టీవీ లేదు, హైదరాబాద్ దూరదర్శన్ మొదలైందే ఆ అక్టోబర్ 23న. రేడియో ఉంది, బెజవాడ నుంచి వచ్చే పేపరుంది, రోడ్ల మీద చెట్లు పడి, కరెంటు తీగలు తెగి, వచ్చే మనుషులు తెచ్చే కబుర్లున్నాయి. ఆ ఎదురుచూపులో ఊరు ఊరంతా మారిపోతుంది. ఉప్పెనని నేరుగా చూపించినప్పటి కన్నా ఇప్పుడు భయం ఎక్కువుంది, ఇది చదివినవాళ్ళు చెప్పిన మాట.

పేపర్ల కోసం రెండు మూడు చోట్ల తిరిగాను. ప్రెస్ అకాడమీవాళ్ళు పాత తెలుగు పత్రికలు స్కాన్ చేసి పెట్టినవి ఇంట్లో కూర్చునే చూశాను. కానీ వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళడం వేరు. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, ఒక చిన్న ఊళ్ళో, గాంధీగారి చేతికర్ర కూడా అక్కడే దాచి ఉంది, తెలుగులో వచ్చిన పాత పత్రికలూ పుస్తకాలూ అంత జాగ్రత్తగా దాచిన చోట్లు మనకి చాలా తక్కువ. పాత పేపరు చేత్తో తిప్పుతుంటే మనం వెతికే వార్త పక్కనే మనం వెతకనివి కూడా కనపడతాయి, ప్రకటనలు, ధరలు, సినిమా హాళ్ళ పేర్లు, టానిక్కులు, పెళ్ళి సంబంధాలు. స్క్రీన్ మీద తారీఖు కొట్టి వార్త దగ్గరికే పోతాం, చేత్తో తిప్పితే ఆ రోజు మొత్తం మన ముందుకి వస్తుంది. పేదవాళ్ళ కోసం చవక రకం ముతక గుడ్డ నేయించడానికి 1976లో కేంద్రం మొదలుపెట్టిన జనతా వస్త్రాల పథకం గురించి నేను చదవడం అలాగే, వేరేదేదో చూస్తుంటే. నా నవల్లో తండ్రి మంచి పనితనం ఉన్నవాడు, ఇంట్లో గడవక జనతా పంచెలు నేయడానికి ఒప్పుకుంటాడు, ఆయన పాత్రకి కావలసిన బాధ మొత్తం అందులో దొరికింది.

ఇక్కడ వెతికేవాళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లా, ఆ తర్వాత ఒంగోలు జిల్లాలోకి వచ్చింది, దానికే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు, 2022 నుంచి బాపట్ల జిల్లా. రికార్డులు ఏవి చూడాలన్నా ఈ పేర్లన్నిటి కిందా చూడాలి. 1971 జనాభా లెక్కల జిల్లా పుస్తకంలో ఏ ఊళ్ళో కరెంటు ఉంది, ఏ ఊళ్ళో పోస్టాఫీసు ఉంది లాంటివి ఊరివారీగా ఉంటాయి, కల్పిత ఊరైనా దాని చుట్టూ ఉన్న నిజమైన ఊళ్ళని చూసి మన ఊరిని కట్టుకోవచ్చు. శాసనసభ చర్చలు కూడా చదవండి, చీరాల నుంచి సభకి వెళ్ళిన చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య గారి లాంటివాళ్ళు మాట్లాడింది చూస్తే, నూలు గురించీ నేతవాళ్ళ సహకార సొసైటీల గురించీ మనుషులు కోపంగా ఎలా మాట్లాడతారో తెలుస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాలు వేలల్లో ఉన్నాయి, కానీ వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు ఎక్కించారు కాబట్టి ఒకే పేరుని నాలుగైదు స్పెల్లింగుల్లో కొట్టి చూడాలి, ఒకసారికి దొరకలేదని వదిలేయొద్దు. మాటల కోసం ఆంధ్రభారతి సైటు, ఒక్క పదం కొడితే ఎన్నో నిఘంటువుల్లో ఉన్నదంతా ఒకేచోట కనిపిస్తుంది, నా కంప్యూటర్‌లో అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఇంత దొరుకుతున్నప్పుడు ఇంకో కష్టం వస్తుంది, దొరికిందంతా నవల్లో పెట్టాలనిపిస్తుంది. తేలియా రుమాళ్ళ గురించి తెలిసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. చీరాలలో పుట్టిన పని అది, నూలుని నూనెలోనూ ఆముదం కాయల బూడిద నీళ్ళలోనూ మళ్ళీ మళ్ళీ నానబెట్టి ఆరబెట్టి, అప్పుడు రంగు అద్ది, ఆ నూనె వాసన గుడ్డని వదలదు, అరబ్బు దేశాల దాకా వెళ్ళేవి ఆ రుమాళ్ళు. ఎంత అందంగా ఉందో చూడండి. కానీ నా కథలో ఆ ఇంట్లో ఎవరూ ఆ పని చెయ్యరు, పెడితే ఎవరో ఒకరు కూర్చుని దాని గురించి ఉపన్యాసం చెప్పాలి. అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను, తెలిసిన సంగతి వల్ల ఎవరో ఒకరు చేసే పని మారితేనే అది నవల్లోకి వస్తుంది, లేకపోతే ఇంకో నోట్‌బుక్‌లోకి పోతుంది. రుమాళ్ళు ఆ రెండో నోట్‌బుక్‌లో ఉన్నాయి, వాటికి వాటి కథ వేరే ఉంది, రాస్తాను.

భాష దిద్దుకోవడానికి బాగా పనికొచ్చింది మాత్రం వినడం. ఫోన్‌లో తెలుగు పైకి చదివే సదుపాయం ఉంటుంది, అధ్యాయం దాంట్లో పెట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడుస్తూ వినేవాణ్ణి. దాని గొంతులో భావం ఉండదు, అదే మంచిది, మనం చదివితే మన గొంతుతో వాక్యంలో లేని బాధని కూడా కలిపేస్తాం. అది చప్పగా చదివినా నిలబడ్డ వాక్యమే నిజంగా నిలబడ్డట్టు. తర్వాత ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించి, లైన్ల మధ్య చోటు ఎక్కువ ఉంచి, పెన్నుతో దిద్దాను. స్క్రీన్ మీద కనపడనిది కాగితం మీద కనపడుతుంది, ఎందుకో తెలీదు కానీ ప్రతిసారీ అంతే.

డ్రాఫ్టు చదివి పెట్టేవాళ్ళు రెండు రకాలు కావాలి. నేతపని తెలిసిన ఒకాయన, దూరపు చుట్టం, మేం బాబాయ్ అంటాం, పని వరస ఎక్కడ తప్పిందో చూశారు, "ఈ అబ్బాయి అచ్చు ఎక్కించకముందే నేత మొదలెట్టాడేందిరా" అని పెన్సిల్‌తో గీత కొట్టి చూపించారు. రెండో రకం, మగ్గమే చూడని మనిషి, నా ఆఫీసు ఫ్రెండ్. తనకి ఆసు అంటే తెలీదు, కండె అంటే తెలీదు. వెనక పదాల పట్టిక పెట్టమంటావా అనడిగితే వద్దంది, రెండోసారి వచ్చేసరికి వాళ్ళు చేస్తున్నదాన్నిబట్టి అర్థమైపోతుంది, అర్థం కాని నాలుగు చోట్లు మాత్రం గుర్తు పెట్టానంది. ఆ నాలుగు చోట్లా నేను అర్థం చెప్పే వాక్యం చేర్చలేదు, ఆ పనిముట్టుతో మనిషి చేసే పని ఇంకో లైన్ ఎక్కువ రాశాను. పట్టిక అవసరమే రాలేదు.

ఇప్పుడు మిగిలింది చివరి భాగం, 1991. నూలు ధర ఒక్కసారిగా పెరిగి, మగ్గాలు ఆగిపోయి, చీరాల చుట్టుపక్కల ఆకలిచావుల వార్తలు వచ్చిన రోజులు. పేపర్లలో వచ్చింది చదివాను, చిన్నమ్మమ్మ ఆ రోజుల గురించి ఎక్కువ మాట్లాడదు, నేనూ గుచ్చి అడగట్లేదు. నాకు కావలసింది చిన్న చిన్నవి, అప్పటి సొసైటీ పాస్‌బుక్కులు, మజూరీ రాసుకున్న చిట్టీలు, షావుకారు ఇచ్చిన నూలు లెక్క పుస్తకం, ఒక వారం ఎంత నేశారు ఎంత వచ్చింది అన్నది ఇంట్లో ఎవరైనా రాసుకున్న కాగితం. ఇలాంటివి ఏ లైబ్రరీలోనూ ఉండవు, పాత ట్రంకు పెట్టెల్లో అడుగున ఉంటాయి. మీ ఇళ్ళల్లో ఉంటే పారేయకుండా ఒక్కసారి చూడనివ్వండి, ఎక్కడికైనా వచ్చి చూసుకుని, ఫోటోలు తీసుకుని, కాగితాలు మీ చేతికే ఇచ్చేసి వస్తాను.